ఆచూకీ, కూపీ: అన్నదమ్ములు వెదికే కథలపై ఒక పరిశీలన

జగిత్యాల జిల్లా బీర్పూర్‌లో ‘ఆచూకీ’ అనేది పుస్తకాలలో మాత్రమే కనిపించే మాట కాదు. అక్కడినుండి కోరుట్ల మీదుగా సిరిసిల్ల దాకా ఉన్న ప్రాంతం 1970ల నుండి గల్ఫ్ దేశాలకు కూలిపనికి మనుషులను పంపుతూ వచ్చింది. సిరిసిల్ల నేతపనివారు భీవండీ, షోలాపూర్‌ల దారి కూడా పట్టారు. వెళ్ళినవాని నుండి ఉత్తరమో, ఫోనో వస్తున్నంతకాలం అతడు ‘దుబాయి పోయినవాడు’. అతడున్నది మస్కట్ కానీ, రియాద్ కానీ, ఊరివారికి అది దుబాయే. కబురు ఆగిపోయి నెలలు గడిస్తే ‘ఆచూకీ లేనివాడు’ అవుతాడు. అప్పుడు ఇంటి దగ్గర మిగిలిన అన్నదమ్ములు, గెట్టు తగాదాతోనో, వీసా కోసం తెచ్చిన అప్పు లెక్కతోనో అప్పటికి ఏళ్ళ తరబడి మాటలు మానుకున్నవారైనా సరే, ఒకే అర్జీ కాగితం మీద సంతకాలు చేయవలసి వస్తుంది.

అన్నదమ్ముల మధ్య వైరం, ఇంటిమనిషి ఒకడు మాయమవడం, ఎడమొహం పెడమొహంగా ఉన్నవారే కలిసి వెదకడం: అపరాధ పరిశోధక నవలకు ఇది చక్కగా అమరే ఇతివృత్తం. తెలుగులో ఈ జాతి నవలకు ఒకప్పుడు గొప్ప గిరాకీ ఉండేది. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఎన్నో ఇళ్ళకు చేరారు. ఆరుద్ర అంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. ఉర్దూ చదివే ఇళ్ళలో ఆ స్థానం ఇబ్నె సఫీ (1928–1980)ది. 1952లో అలహాబాద్ నుండి వెలువడటం మొదలైన ఆయన ‘జాసూసీ దునియా’ కోసం పాఠకులు నెలనెలా ఎదురుచూసేవారు.

మదరసాలో ఈ పుస్తకాలను ‘ఫుజూల్’ అని తోసిపుచ్చడం, విశ్వవిద్యాలయంలో ‘కాలక్షేప సాహిత్యం’ అని పక్కన పెట్టడం ఆనవాయితీ. రెండు చోట్లా తీర్పు తరచుగా చదవకముందే వెలువడుతుంది. నేరం కథావస్తువు కావడమే దోషమని కొందరి భావన. అది నిలిచే వాదన కాదు. ఉత్తమ వృత్తాంతమనే ప్రస్తావనతో మొదలయ్యే సూరె యూసుఫ్‌లో హత్యాలోచన ఉంది. పిల్లవానిని మాయం చేయడం ఉంది. దొంగ ఆనవాలు, అపనింద, నిర్దోషికి చెరసాల, చోరీ ఆరోపణ అన్నీ ఉన్నాయి. ఆ సూరెను నవలగా చదవరాదు. అది వహీ, కల్పించిన మాట కాదని దాని చివరి ఆయతే (12:111) ప్రకటిస్తున్నది. కానీ దానిని కొలబద్దగా పెట్టుకొని నవలను కొలవడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. అలా కొలిచినప్పుడు అసలు దోషం ఎక్కడుందో తెలుస్తుంది.

అది ఒక మాట దగ్గర పట్టుబడుతుంది. యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారులను పంపుతూ, వెళ్ళి యూసుఫ్‌నూ అతని తమ్ముణ్ణీ వెదకమంటారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దంటారు (12:87). అక్కడ వాడిన క్రియ ‘తహస్సుస్’ నుండి వచ్చింది. సూరె హుజురాత్‌లో (49:12) విశ్వాసులకు నిషేధింపబడినది ‘తజస్సుస్’. అరబీ లిపిలో ఈ రెండింటికీ తేడా ఒక్క చుక్క. ‘జీమ్’ కింద చుక్క ఉంటుంది, ‘హా’ కింద ఉండదు. ఇబ్నె కసీర్ తన తఫ్సీర్‌లో ఈ భేదాన్ని గుర్తించారు: తహస్సుస్ ఎక్కువగా మంచి విషయంలోనూ, తజస్సుస్ ఎక్కువగా చెడు విషయంలోనూ వాడుకలో ఉన్నదని. ఇది గట్టిగా గీసిన గీత కాదని కూడా చెప్పాలి. అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (సఅసం) అనుమానం నుండి దూరంగా ఉండమని హెచ్చరించి, ఆ వెంటనే తహస్సుస్‌నూ తజస్సుస్‌నూ రెండింటినీ వారించారు. అదే హదీసు, అల్లాహ్ దాసులుగా సోదరులై ఉండమనే ఆదేశంతో ముగుస్తుంది. ఇతరుల మాటలకు చెవి ఒగ్గడం అక్కడి తహస్సుస్. పోగొట్టుకున్న బిడ్డ కోసం నాలుగు దిక్కులా ఆరా తీయడం ఇక్కడిది.

అనువాదకునికి ఇది చిక్కు సమస్యే. ఉర్దూలో తజస్సుస్ అనే పదానికి నింద పోయి, ‘కుతూహలం’, ‘ఉత్కంఠ’ అన్న అర్థాలు స్థిరపడ్డాయి. ‘తజస్సుస్‌తో నిండిన నవల’ అంటే ఉర్దూ పాఠకునికి అది మెప్పు. ‘జాసూసీ’ అన్నదీ ఆ ధాతువు నుండి పుట్టినదే. తెలుగులో మాత్రం ఈ రెండింటికీ వేరువేరు మాటలు, అరబీ అంత స్పష్టంగా, ఊళ్ళలోనే సిద్ధంగా ఉన్నాయి. పోయినవాని కోసం చేసేది ఆచూకీ తీయడం. దాచుకున్నదానిని బయటికి ఈడ్చేది కూపీ లాగడం. ఆచూకీ తీసేవానికి మనిషి కావాలి. కూపీ లాగేవానికి సంగతి కావాలి. ‘పరిశోధన’ అనే సంస్కృత పదం ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి తేడాను చెరిపివేసింది.

ఇప్పుడు మామూలు డిటెక్టివ్ నవలను చూడండి. ఇంట్లో ఎవరో మాయమవుతారు. డిటెక్టివ్ వస్తాడు. అతడు పరాయివాడు, పోయినవాడు అతనికి ఏమీ కాడు. ఇంటిల్లిపాదినీ ప్రశ్నిస్తాడు, బీరువాలు తెరుస్తాడు, ఎప్పుడో కప్పిపెట్టిన ఇంటి గుట్టు ఒక్కొక్కటే పైకి తీస్తాడు. చివరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి దోషి పేరు చెబుతాడు. ఆ మరుక్షణం కథ అయిపోతుంది. పోయినవాడు బతికివచ్చాడా, శవమై దొరికాడా అన్నది అప్పటికి పాఠకునికి పెద్ద విషయం కాదు. తల్లి ఏమైందో చెప్పే పేరా ఉండదు. నవల ఆచూకీతో మొదలై కూపీలోకి జారిపోయింది. ఈ జాతి నవలపై నిలబడగల ఆక్షేపణ ఇదే. ఇబ్నె సఫీ భాష ఎంత స్వచ్ఛమైనదో, ఆయన హాస్యం ఎంత సున్నితమైనదో ఆయనను చదివినవారికి తెలుసు. అయినా ఆయన ఇమ్రాన్‌ను తండ్రి రహ్మాన్ సాహెబ్ ఇంటినుండి వెళ్ళగొట్టడం ఆ నవలలలో ఎక్కువగా నవ్వుకే పనికివస్తుంది. తండ్రి గూఢచారి శాఖకు అధిపతి, కొడుకు ఎవరికీ తెలియని గూఢచారి. ఎన్నో నవలల పొడవునా సాగిన ఈ ఎడబాటును ఒక్కసారైనా గాయంగా చూపి ఉంటే ఆ వరుస ఎక్కడికి చేరేదో!

అన్నదమ్ములే పరిశోధకులైన నవల ఈ లోపాన్ని దాటగలదు. దాటగలదు అన్నదే మాట, చాలాచోట్ల దాటదు. అలాంటి కథలో వెదికేవారు పరాయివారు కారు. తమ్ముడు కనపడనప్పుడు అన్న వేసే ప్రతి ప్రశ్నా తిరిగి అన్నకే తగులుతుంది: చివరిసారి మాట్లాడినది ఎప్పుడు? ఏమన్నావు? ఫోను ఎందుకు ఎత్తలేదు? ఇద్దరూ ఒకరినొకరు అనుమానిస్తారు. ఇద్దరికీ ఒకరి దగ్గర లేని సమాచారం రెండవవాని దగ్గర ఉంటుంది. వైరం మాననిదే వెతుకులాట ముందుకు సాగదు. ఇంత మంచి సరంజామా ఉండి కూడా రచయితలు దానిని పాఠకుని దారి తప్పించడానికే వాడుకొంటారు. అన్నను అనుమానించేలా చేయడం, ఆపై ఎవరో మూడవవానిని దోషిగా నిలబెట్టడం, చివరి పుటలో అన్నదమ్ములను కౌగిలింపజేయడం. ఆ కౌగిలింతకు ముందు చెల్లించవలసినదేదీ చెల్లించరు.

సూరె యూసుఫ్‌లో ఈ లెక్క ఎలా తీరిందో నిదానంగా చూడదగినది. మొట్టమొదట, అక్కడ రహస్యమే లేదు. నేరం ఎవరు చేశారో చదువరికి పదవ ఆయతుకే తెలుసు. తండ్రికి కూడా ఇంచుమించు తెలుసు: నెత్తురు పూసిన అంగీ తెచ్చి చూపినప్పుడు, ఇది మీ మనసు మీకు అందంగా చేసి చూపిన పని అన్న భావంతో బదులిచ్చారు (12:18). ఆ అంగీ ఎక్కడా చిరగలేదని, తోడేలు అంత మర్యాదగా తిన్నదా అని ఆయన అడిగారని తఫ్సీర్లలో వచ్చే కథనం ఏ డిటెక్టివ్‌కూ తీసిపోని చూపు. మరొక అంగీ ఈజిప్టులో అజీజ్ ఇంట చిరుగుతుంది. ముందు చిరిగిందా, వెనుక చిరిగిందా అన్న ఆనవాలుతో అక్కడ నిర్దోషి ఎవరో తేలుతుంది (12:26–28). తేలిన తరువాత కూడా ఆయన చెరసాలకే పోయారు. ఆనవాలు సత్యాన్ని చూపగలదు కానీ న్యాయాన్ని తేలేదన్న సంగతి ఇంత క్లుప్తంగా చెప్పడం నవలాకారునికి సాధ్యం కాదేమో.

సూరె పరిశోధనను తక్కువ చేసిందని కూడా అనుకోరాదు. రాజు విడుదల కబురు పంపినప్పుడు యూసుఫ్ (అ.స.) వెంటనే బయటికి రాలేదు. ముందు చేతులు కోసుకున్న ఆ స్త్రీల సంగతి విచారించమని దూతను వెనక్కి పంపారు (12:50). నిందపడ్డవాడు తనపై విచారణను తానే కోరడం ఇది. దాచిన పాపాన్ని తవ్వడానికి ఆ విచారణ జరగలేదు, మోపిన నిందను దింపడానికి జరిగింది. అజీజ్ భార్య నోటనే నిజం వెలువడింది.

కథ అసలు లోతు అన్నలు ధాన్యం కోసం వచ్చినప్పుడు తెలుస్తుంది. తమ్ముని సామానులో రాజు పానపాత్ర దొరుకుతుంది. అది పెట్టించినది యూసుఫే (అ.స.), అంటే ఈసారి దొంగ ఆనవాలు సృష్టించినవాడు నేరం చేసినవాడు కాదు, నేరానికి గురైనవాడు. వ్యాఖ్యాతలు దీనిని దైవం నేర్పిన ఉపాయంగా వివరించారు; డెబ్భై ఆరవ ఆయతు ఆ మాటే అంటున్నది. అప్పుడు అన్నల నోటినుండి ఏమి వస్తుంది? ఇతడు దొంగిలించాడంటే, ఇతని అన్న కూడా లోగడ దొంగిలించాడట (12:77). ఇన్నేళ్ళ తరువాత, తాము బావిలో పడవేసిన పిల్లవానిపై ఇంకొక నింద! వైరం పైకి చల్లారినట్లు కనిపించినా లోపల నిప్పు అలాగే ఉన్నదని ఈ ఒక్క మాట చెబుతుంది. ఆ నింద విన్నవాడు దానిని మనసులోనే దాచుకున్నాడు.

ఇక పెద్దన్న. ఆ పెద్దవాని పేరు ఖుర్ఆన్ చెప్పదు. తండ్రికిచ్చిన మాట గుర్తుచేసుకొని, యూసుఫ్ విషయంలో లోగడ చేసిన అపరాధాన్ని తానే ఎత్తి, ఈ నేల విడిచి రానని కూర్చుంటాడు (12:80). మొదటి ఒప్పుకోలు ఇక్కడ జరిగింది. ఏ డిటెక్టివ్ కూడా దానిని రాబట్టలేదు. అదే తప్పు రెండవసారి చేసినట్లవుతుందన్న భయం రాబట్టింది.

తండ్రి ఆదేశం మీద మిగిలినవారు మళ్ళీ ఈజిప్టుకు వస్తారు. యూసుఫ్‌ను వెదకమని పంపబడినవారు అధికారి ఎదుట నిలబడి దేని గురించి మాట్లాడారో గమనించండి. కరువు గురించి, తాము తెచ్చిన నాసి సరకు గురించి, నిండు కొలత గురించి, దానం గురించి మాట్లాడారు (12:88). యూసుఫ్ పేరు వారి నోట రాలేదు. వెదకమన్నవాని పేరు ఎత్తే ధైర్యం వెదికేవారికి లేదు. ఎత్తితే తమ నేరమూ దానితోపాటే పైకి వస్తుంది. చివరికి ఆ పేరు ఎత్తినవాడు వెదకబడుతున్నవాడే: తెలియనితనంలో యూసుఫ్ పట్ల, అతని తమ్ముని పట్ల మీరేమి చేశారో గుర్తుందా అని (12:89). ప్రశ్నించేవారు నిందితులుగా, పోయినవాడు ప్రశ్నించేవానిగా మారిన ఈ ఘట్టాన్ని దాటిన మలుపు అపరాధ సాహిత్యంలో ఉన్నదా అన్నది అనుమానమే. ‘తెలియనితనంలో’ అనే మాటలో దోషులకు తప్పుకొనే వీలు కూడా ఆయనే ఇచ్చారు.

క్షమాపణ సంగతి కూడా నవలలోవలె ఒక కౌగిలింతతో ముగియలేదు. అన్నలు మొదట తప్పు ఒప్పుకొన్నారు (12:91). యూసుఫ్ (అ.స.) అప్పటికప్పుడే వారిపై నింద లేదన్నారు. మక్కా విజయం నాడు, హిజ్రీ 8లో, తనను వెళ్ళగొట్టిన ఖురైషుతో దైవప్రవక్త (సఅసం) యూసుఫ్ మాటనే చెప్పారని సీరత్ గ్రంథాలు పేర్కొంటున్నాయి. తండ్రి మాత్రం వెంటనే దుఆ చేయలేదు. మున్ముందు చేస్తానన్నారు (12:98). సహరీ వేళ కోసమో, శుక్రవారం రాత్రి కోసమో ఆగారని వ్యాఖ్యాతల వివరణలు ఉన్నాయి. తమ్ముడు ఒక్క క్షణంలో క్షమించగా, ఏడ్చి చూపు పోగొట్టుకున్న తండ్రికి కొంత వ్యవధి పట్టింది. అన్నదమ్ముల కథ రాసేవారు ఈ వ్యవధిని గమనించాలి.

అరబీ నవలలో ఒకచోట ఈ విషయం వెనుక తట్టు కనిపిస్తుంది. తౌఫీఖ్ అల్-హకీమ్ 1937లో ప్రచురించిన ‘యౌమియ్యాతు నాయిబిన్ ఫిల్-అర్యాఫ్’లో ఈజిప్టు పల్లెలో ఒక మనిషిని కాల్చివేస్తారు. ప్రభుత్వ న్యాయాధికారి ఒకడు దర్యాప్తు చేస్తాడు. నిజం తెలిసి ఉండగల ఒక యువతి మాయమవుతుంది. కాగితాలు పెరుగుతాయి, సాక్షులకు అర్థంకాని చట్టభాషలో ప్రశ్నలు సాగుతాయి, ఫైలు చివరికి మూసుకుంటుంది. దోషి తేలడు. ఆ నవల బలమంతా అందులోనే ఉంది: మనిషి కోసం మొదలైన విచారణ ఫైలు కోసం ముగియడం.

ఫైలు సంగతి బీర్పూర్, కోరుట్ల వైపు ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. సౌదీ అరేబియాలో కార్మికుడు పనికి రాకుండా పోయాడని యజమాని రాసి ఇచ్చే ఫిర్యాదును ‘హురూబ్’ అనేవారు. హురూబ్ అంటే పరారీ. ఆ మాట కాగితం మీద పడిన నాటి నుండి అతడు ఆ దేశంలో నేరస్థుని లెక్క. జీతం ఇవ్వనందుకు వెళ్ళిపోయాడా, జబ్బుపడ్డాడా, మరొకచోట దొంగచాటుగా పనిచేస్తున్నాడా, అసలు బతికి ఉన్నాడా అన్నది ఆ మాటలో ఉండదు. ఒకే మనిషి అక్కడి కాగితంలో పరారీ అయినవాడు, ఇక్కడి అర్జీలో ఆచూకీ లేనివాడు. భారత విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ ఏర్పాటు ద్వారా అర్జీ పెట్టుకొనే కుటుంబం మొదట ఎదుర్కోవలసినది ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్నే. తమ్ముడు దొంగ అన్న మాట విని, నిజమేనేమో అని తల వంచుకొనే అన్నలు ఇక్కడా ఉంటారు. డెబ్భై ఏడవ ఆయతు చదివినప్పుడు ఆ అన్నలు గుర్తుకు రావాలి.

ఈ నేల మీద ముస్లిం కుటుంబం గురించి అలాంటి నవల రాయదలచినవారికి ఫిఖ్హ్‌లో ‘మఫ్ఖూద్’ అధ్యాయం మంచి పునాది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఆచూకీ లేనివాడు తన ఆస్తి విషయంలో బతికినవాడు, ఇతరుల ఆస్తి విషయంలో చనిపోయినవాడు. అతని పొలం వారసులకు పంచరాదు; ఈలోగా తండ్రి మరణిస్తే తండ్రి ఆస్తిలో అతని వాటా ఎవరికీ దక్కకుండా ఆపి ఉంచాలి. అంటే మాయమైన తమ్ముడు దొరకడం మీద, దొరకకపోవడం మీద అన్నకు స్వార్థం ఏర్పడుతుంది. వెదికేవాని చిత్తశుద్ధిని పాఠకుడు శంకించడానికి ఇంతకన్న సహజమైన కారణం కల్పించనక్కరలేదు. నెత్తురు మరకలు, చీకటి గదులు లేకుండానే నవల నడుస్తుంది.

భార్య విషయం మరింత కఠినం. పాత హనఫీ మతం ప్రకారం భర్త ఈడువారంతా మరణించే వయసు దాకా ఆమె నిరీక్షించాలి. మాలికీ మతం ప్రకారం ఖాజీ దగ్గరకు విషయం వెళ్ళాక, వెదికించి, జాడ తెలియకపోతే నాలుగేళ్ళు. భారతదేశపు స్త్రీల కష్టం చూసి మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930లలో ‘అల్-హీలతున్నాజిజా’ ద్వారా మాలికీ మతాన్ని అనుసరించడానికి దారి తెరిచారు. ఆ కృషి ఛాయలోనే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. నాలుగేళ్ళు భర్త జాడ తెలియకపోతే భార్య విడుదల కోరవచ్చునని అది చెబుతుంది. డిక్రీ వచ్చాక కూడా ఆరు నెలలు అది అమలులోకి రాదు. ఆలోగా భర్త తిరిగివచ్చి, కాపురం చేయడానికి సిద్ధంగా ఉన్నానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ కొట్టివేయాలి. చివరి క్షణం దాకా తలుపు తెరిచే ఉంచిన చట్టం ఇది.

ఆ చట్టం మూడవ సెక్షనులో ఒక చిన్న నిబంధన ఉంది. భర్త జాడ తెలియని దావాలో, వారసులు కాకపోయినా సరే, అతని పినతండ్రినీ సోదరునీ పార్టీలుగా చేర్చాలి. ఏళ్ళ తరబడి తమ్మునితో మాటలు లేని అన్నకు ఒక రోజు కోర్టు నోటీసు వస్తుంది. వాటా కోసం తమ్ముడు చనిపోయాడని అనాలనిపించవచ్చు. మరదలి మొహం చూసి, ఎక్కడో ఉన్నాడని అనాలనిపించవచ్చు. నిజంగా తాను ఎక్కడైనా అడిగాడా అని జడ్జి అడిగితే ఏమి చెప్పాలో తెలియకపోవచ్చు. జగిత్యాల బస్సు ఎక్కేముందు అతడు ఆ కాగితాన్ని చదివించుకోవడానికి ఎవరి దగ్గరకు వెళ్తాడు? బహుశా మాటలు లేని ఇంకొక తమ్ముని దగ్గరకే.